తాళంచెవి దొరికింది సరే, ఇల్లు మనదేనా?

హాకైపోయిన సైటు గురించి ఎవరు సాయం అడిగినా మొదటి మాట ఒకటే. "అడ్మిన్ పాస్‌వర్డు మార్చేశాడండీ, లోపలికి వెళ్ళేదెలా?" దానికి జవాబు పది నిమిషాల పని. కావాలంటే కింద చెబుతాను. కానీ నన్నడిగితే అది అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు. అయిదోదో, ఆరోదో అయితే కావచ్చు. పాస్‌వర్డు చేతికి రాగానే "హమ్మయ్య, సైటు వచ్చేసింది" అని ఊపిరి పీల్చుకుని, రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ తల పట్టుక్కూర్చున్నవాళ్ళని బోలెడుమందిని చూశాను. లోపలికి మనం వెళ్ళడం పెద్ద విషయం కాదు. లోపల ఇంకెవరున్నారు, వాళ్ళని పంపించే హక్కు కాయితాల మీద ఎవరికుంది? అసలు ప్రశ్నలు ఈ రెండూ.

మన ఊళ్ళల్లో స్థలం కబ్జా అయితే ఏం చేస్తాం? గేటుకి వాడు వేసిన తాళం పగలగొట్టి మన తాళం వేసుకుంటే సరిపోతుందా? దస్తావేజు ఎవరి పేరుందో చూస్తాం. ఈసీ తీయిస్తాం. పాస్‌బుక్కు బీరువాలోనే ఉందా, బావమరిది పట్టుకుపోయాడా అని వెతుక్కుంటాం. ఆ తర్వాతే గేటు సంగతి. రెండు సెంట్ల స్థలానికి ఇంత జాగ్రత్తపడే మనం, పదేళ్ళు కష్టపడి నింపిన సైటు దగ్గరకొచ్చేసరికి "అదంతా మా అబ్బాయి స్నేహితుడు చూసుకుంటాడండీ" అనేస్తాం.

సైటుకీ ఇలాంటి అంతస్తులే ఉన్నాయి. డొమైను పేరంటే దస్తావేజు. హోస్టింగు ఖాతా అంటే ఇల్లు కట్టిన నేల. డేటాబేసు, ఫైళ్ళు అంటే ఇల్లూ, అందులో సామానూ. మనం ఇంత రాద్ధాంతం చేసే అడ్మిన్ లాగిన్ వీధి తలుపు తాళంచెవి మాత్రమే. వీటన్నిటికీ పైన, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది: ఈమెయిలు. "పాస్‌వర్డు మర్చిపోయారా?" అని నొక్కితే ఆ లంకె ఏ పెట్టెలోకి వచ్చి పడుతుందో, ఆ పెట్టె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆ ఇంటి యజమాని. మిగతావన్నీ మర్యాదకి.

దస్తావేజు పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంటర్నెట్టు పుట్టిన కొత్తల్లోనే ఒక కథ జరిగింది. ఆ డొమైను పేరు ఇక్కడ రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది, మూడక్షరాల ఇంగ్లీషు మాట, మీరే ఊహించుకోండి. 1994లో గ్యారీ క్రెమెన్ అనే ఆయన (పెళ్ళి సంబంధాల తరహా సైటు మ్యాచ్ డాట్ కామ్ పెట్టింది కూడా ఈయనే) దాన్ని తన పేర నమోదు చేసుకున్నాడు. 1995లో స్టీఫెన్ కోహెన్ అనే ఘనుడు ఒక దొంగ ఉత్తరం పుట్టించి, నమోదు చేసే కంపెనీకి పంపించి, డొమైను తన పేరుకి మార్పించేసుకున్నాడు. పాస్‌వర్డూ లేదు, హాకింగూ లేదు, ఒక్క ఉత్తరం. క్రెమెన్ కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2000లో పేరు వెనక్కి తెచ్చుకున్నాడు. 2001లో ఆరున్నర కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మని తీర్పొచ్చింది, కానీ కోహెన్ మెక్సికోకి పారిపోయాడు. డొమైను పేరు కూడా ఆస్తే, దాన్ని ఎవడో చెబితే ఇంకొకడికి రాసిచ్చేయడం తప్పే అని అమెరికా అప్పీలు కోర్టు 2003లో తేల్చింది. అంత గట్టి కాయితం ఉన్నవాడికే అయిదేళ్ళు పట్టింది. కాయితమే లేనివాడి సంగతేంటి?

ఇక్కడ నాకు తెలిసిన ఒక మాస్టారి సంగతి చెప్పాలి. కృష్ణా జిల్లాలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పద్య నాటకాలంటే ప్రాణం. చుట్టుపక్కల ఊళ్ళల్లో వేషాలు కట్టినవాళ్ళనీ, హార్మోనియం వాయించినవాళ్ళనీ, తెరలు రాసినవాళ్ళనీ వెతుక్కుంటూ వెళ్ళి, మాట్లాడి, వాళ్ళ ఫొటోలూ గొంతులూ పోగుచేశారు. 2008లో అమెరికాలో ఉన్న ఆయన పాత శిష్యుడొకడు ఒక సైటు కట్టిచ్చాడు. పన్నెండు, పదమూడు వందల పేజీలదాకా పోగయ్యాయి. ఆయన మాట్లాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

2019లో ఒకరోజు ఫోను. "ఏమోయ్, మన సైటులో ఏదో చైనావాడి భాష వస్తోందిట, మా మేనల్లుడు చెప్పాడు. నేను చూస్తే మామూలుగానే ఉంది. వాడి కళ్ళకేమైనా అయిందా?" మేనల్లుడి కళ్ళు బాగానే ఉన్నాయి. అది చైనావాడి భాషా కాదు, జపనీసు. పేరున్న కంపెనీల సంచులకీ, వాచీలకీ దొంగ నకళ్ళమ్మే దుకాణాల పేజీలు. గూగుల్లో వెతికి వచ్చినవాళ్ళకీ, గూగులు పంపే మరమనిషికీ అవి కనిపిస్తాయి. అడ్రసు నేరుగా కొట్టి వెళ్ళే మాస్టారికి మాత్రం సైటు సలక్షణంగా కనిపిస్తుంది. యజమాని కళ్ళకి మాత్రమే గంతలు కట్టడం ఈ దొంగతనంలో గొప్ప కళ. ఇది ఎంత మామూలు వ్యవహారమంటే, "జపనీసు కీవర్డు హాక్" అని పేరు పెట్టి, ఎలా వదిలించుకోవాలో గూగులే పాఠం రాసిపెట్టింది.

"నా సైటు మీద ఎవడికి పగ?" అన్నారు మాస్టారు. అందరూ అదే అంటారు. పగ గిగ ఏమీ ఉండదు. 1998లో పోఖ్రాన్ పరీక్షలవగానే బాబా అణుపరిశోధనా కేంద్రం కంప్యూటర్లలోకి విదేశీ కుర్రాళ్ళు దూరి నానా హంగామా చేశారు చూడండి, అది పగ, నిరసన, ప్రగల్భం. ముందు పేజీ మీద పుర్రె బొమ్మ వేసి పోయేవాళ్ళు ఒకరకంగా మర్యాదస్తులు, దొంగ పడ్డాడని మనకి తెలిసేలా చేసేవారు. ఇప్పటివాళ్ళకి మాస్టారెవరో తెలీదు, తెలుగంటే ఏంటో తెలీదు. పాత ప్లగిన్ను ఉన్న సైట్లని ఒక ప్రోగ్రామ్ గాలించుకుంటూ పోతుంది, దొరికినచోట గుడ్డు పెడుతుంది. పదేళ్ళుగా బుద్ధిగా నడుస్తున్న సైటుకి గూగులు దగ్గరున్న మంచిపేరే వాళ్ళకి కావలసిన సరుకు. సైటు కూల్చేస్తే వాళ్ళకే నష్టం.

సరే, లోపలికి వెళ్దామంటే అడ్మిన్ ఈమెయిలు కూడా మార్చేశారు. హోస్టింగు ఖాతా శిష్యుడి పేరు మీదుంది. డొమైనూ అంతే. (శిష్యుణ్ణి తప్పుపట్టను. 2008లో మన ఊళ్ళో రిటైరైన మాస్టారికి విదేశీ డాలర్ల బిల్లు కట్టే క్రెడిట్ కార్డు ఎక్కడిది? కట్టగలిగినవాడు కట్టాడు, గురుదక్షిణ అనుకున్నాడు.) శిష్యుడు దొరికాడు, మంచివాడే, "అయ్యో మాస్టారూ, ఇప్పుడే చూస్తాను" అన్నాడు. చూస్తే తేలిందేంటంటే, అప్పట్లో రెండు ఖాతాలకీ తన ఆఫీసు ఈమెయిలు ఇచ్చాడు. ఆ ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది. పాస్‌వర్డు మార్చుకునే లంకెలన్నీ ఇప్పుడు లేని పెట్టెలోకి వెళ్ళి పడుతున్నాయి. కార్డు మీద ఏటేటా డబ్బు దానంతటదే కట్ అవుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు కంపెనీలూ "మీరే ఖాతాదారని రుజువు చూపించండి, ఫొటో ఉన్న గుర్తింపుకార్డు పంపండి" అన్నాయి. న్యాయమే. ఇక్కడ మొదలైంది తెలుగువాడి పేరు కష్టం. ఖాతాలో ఉన్నది పొట్టి పేరు, చివర ఒక్కక్షరం ఇంటిపేరు. పాసుపోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేరు రెండు ముక్కలుగా. డొమైను కంపెనీ తెరమీది పేరునీ, కార్డుమీది పేరునీ పక్కపక్కన పెట్టుకుని "ఈ ఇద్దరూ వేరువేరు మనుషులు" అంది. వాళ్ళ వైపునుంచి చూస్తే అదీ న్యాయమే. దొంగ ఉత్తరం ఒక్కటి చాలిన రోజుల కథ పైన చెప్పానుగా. పాత బ్యాంకు స్టేటుమెంట్లలో ఆ కంపెనీకి ఏటా కట్టిన పద్దులు, కార్డు చివరి నాలుగంకెలు, మొట్టమొదటి రసీదు, ఇవన్నీ పోగేసి పంపిస్తే పదకొండు రోజులకి ఒప్పుకున్నారు. సాంకేతికంగా ఈ పదకొండు రోజుల్లో నేను చేసినది సున్నా. మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం మాత్రం అదే.

అందుకే, హాకైంది అని తెలియగానే ముందు పట్టుకోవాల్సింది ఈమెయిలుని. ఆ పెట్టె మన చేతిలోనే ఉందా, పాస్‌వర్డు మార్చి రెండో తాళం (ఫోనుకొచ్చే కోడు లాంటిది) వేశామా, ముఖ్యంగా మనకి తెలియకుండా ఉత్తరాలు ఇంకో చిరునామాకి దారి మళ్ళించే నియమం ఏదైనా పెట్టారా చూసుకోవాలి. ఆ తర్వాత డొమైను ఖాతా: బదిలీ కాకుండా తాళం పడి ఉందా, పేరెవరిది, నేమ్ సర్వర్లు మారాయా. ఒకప్పుడు డొమైను ఎవరిదో హూయిజ్‌లో ఎవరైనా చూసుకోగలిగేవారు. 2018లో యూరపు గోప్యత చట్టం వచ్చాక చాలా డొమైన్లకి ఆ పేర్లు దాచేస్తున్నారు, కాబట్టి మన పేరే ఉందో లేదో ఖాతాలోకి వెళ్ళి మనమే చూసుకోవాలి. తర్వాత హోస్టింగు, దాని ఎఫ్‌టీపీ ఖాతాలు. ఇవన్నీ మన స్వాధీనంలోకి వచ్చాక గానీ సైటు అడ్మిన్ జోలికి పోవడం దండగ. కింద అంతస్తులో వాడుండగా పై అంతస్తు తలుపుకి ఎన్ని తాళాలేస్తే ఏం?

ఇక ఆ పది నిమిషాల పని. వర్డ్‌ప్రెస్సే అనుకుందాం, ఎక్కువమందిది అదే కాబట్టి. హోస్టింగు ప్యానెల్లోంచి పీహెచ్‌పీ-మైఅడ్మిన్ తెరిచి, వాడుకరుల పట్టికలో మన వరుస పట్టుకుని, ఈమెయిలు గడిలో మన చిరునామా పెట్టి, పాస్‌వర్డు గడిలో కొత్త పాస్‌వర్డు టైపు చేసి పక్కన ఎండీ5 అని ఎంచుకుని దాచితే చాలు. 2008 నుంచీ వర్డ్‌ప్రెస్సు ఎండీ5 కంటే గట్టి పద్ధతులే వాడుతోంది గానీ, పాతరకంగా రాసినదాన్ని కూడా గుర్తుపట్టి, మనం ఒకసారి లాగిన్ కాగానే కొత్త పద్ధతిలోకి మార్చేసుకుంటుంది. అంతే, అడ్మిన్ వచ్చేసింది.

వచ్చేసింది కదాని లోపలికెళ్ళి వాడుకరుల జాబితా చూస్తే మాస్టారి పేరొక్కటే ఉంది. డేటాబేసులో మాత్రం అడ్మిన్ హక్కులున్నవాళ్ళు ముగ్గురు! తెరమీద జాబితా చూపించే ముందు తన పేరు తీసేసి చూపించేలా ఆ దొంగ కోడే ఏర్పాటు చేసుకుంది. ప్లగిన్ల పేజీలో మామూలుగా కనిపించని ఇంకో ఫోల్డరుంటుంది, ఎంయూ-ప్లగిన్స్ అని. అందులో ఏది పడేసినా దానంతటదే నడుస్తుంది, డాష్‌బోర్డులోంచి ఆపడానికి మీట కూడా ఉండదు. అక్కడొకటి. ఫొటోలు ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్లలో 2011 తాలూకు ఒక మూల ఒక పీహెచ్‌పీ ఫైలు, దానిమీద తేదీ కూడా 2011దే. తేదీ మార్చడం ఒక్క కమాండు పని, తేదీలని నమ్మకండి. గంటకోసారి నిద్రలేచి, తీసేసినవాటిని మళ్ళీ తెచ్చిపెట్టే క్రాన్ పని ఒకటి. గూగులు సెర్చ్ కన్సోల్లో ఈ సైటు నాదేనంటూ ఇంకొకడు యజమానిగా నమోదై ఉన్నాడు. చూశారా, దొంగకి కూడా తెలుసు కాయితం విలువ.

ఒక్కొక్కటీ తీసేస్తూ పోవచ్చు కదా అంటారు. ఎన్ని తీశామో తెలుస్తుంది. ఎన్ని మిగిలాయో ఎలా తెలుస్తుంది? హాకైన సైటుని "శుభ్రం చేయడం" అనే మాట మీదే నాకు నమ్మకం లేదు. దానికో సెక్యూరిటీ ప్లగిన్ను వేసి, అది "ఏమీ లేదు" అని పచ్చరంగు చూపిస్తే సంబరపడటం మరీ అమాయకత్వం. దొంగ లోపలుండగా దొంగ చేతిలో ఉన్న ఇంట్లోనే కాపలావాణ్ణి పెడుతున్నాం.

ఇది నా చాదస్తం కాదు. 2014 అక్టోబరు 15న ద్రుపల్ వాళ్ళు ఒక పెద్ద కంతకి మరమ్మతు విడుదల చేశారు. రెండు వారాలాగి, 29న ఇంకో ప్రకటన చేశారు: మొదటి ప్రకటన వెలువడిన ఏడు గంటల్లోపు మరమ్మతు వేసుకోని ప్రతి ద్రుపల్ 7 సైటూ హాకైపోయిందనే అనుకోండి, అని. మన గడియారం ప్రకారం లెక్కేస్తే రాత్రి తొమ్మిదిన్నరకి మరమ్మతు వచ్చింది, తెల్లారి నాలుగున్నరకి గడువైపోయింది. అంటే భోంచేసి పడుకుని లేచేసరికి అయిపోయిందన్నమాట. అందులోనే ఇంకో ముక్క ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మీరు వేయకుండానే మీ సైటుకి మరమ్మతు వేసి ఉంటే సంతోషించకండి, అది దొంగ వేసుకున్నది కావచ్చు అన్నారు. తను దూరిన కన్నంలోంచి ఇంకో దొంగ రాకుండా తనే పూడ్చుకున్నాడన్నమాట! ఇప్పుడు మరమ్మతు వేసినా లోపలున్నవాడు పోడనీ, అక్టోబరు 15కి ముందటి బ్యాకప్‌లోంచి తిరిగి కట్టుకోవడమే మేలనీ చెప్పారు. "ప్లగిన్లన్నీ అప్‌డేట్ చేశాం కదండీ" అని నాతో వాదించేవాళ్ళకి నేను ఇదే చెబుతుంటాను. అప్‌డేటు రాబోయే దొంగకి. వచ్చి కూర్చున్నవాడికి కాదు.

లినక్సు వాళ్ళ కెర్నెల్ డాట్ ఆర్గ్ 2011 ఆగస్టులో హాకయినప్పుడు ఆ సైటు నడిపేవాళ్ళు ప్రపంచంలోనే మొనగాళ్ళు. వాళ్ళు కూడా ఫైలుఫైలుకీ భూతద్దం పెట్టి "ఇది మంచిది, ఇది చెడ్డది" అని ఏరుకుంటూ కూర్చోలేదు. సర్వర్లన్నీ తుడిచేసి మొదట్నుంచీ మళ్ళీ ఎక్కించుకున్నారు. 448 మంది వాడుకరుల తాళాలూ మార్పించారు. సైటు వారాలపాటు మూతపడింది, లీనస్ టోర్వాల్డ్స్ తాత్కాలికంగా గిట్‌హబ్‌కి మకాం మార్చాడు. వాళ్ళకే తప్పనిది మనకి తప్పుతుందా?

కాబట్టి నా పద్ధతి ఒకటే. రాతలూ బొమ్మలూ మోసుకొస్తాను, కోడు ఒక్క గీత కూడా తేను. వర్డ్‌ప్రెస్సు దాని అసలు సైటులోంచి కొత్తగా దించుకోవడం, ప్లగిన్లు అవసరమైనవి మాత్రమే కొత్తగా దించుకోవడం, థీమూ అంతే. (అసలు సైటు కూడా దేవుడేం కాదు. 2007 మార్చిలో వర్డ్‌ప్రెస్సు సర్వరులోకే ఎవడో దూరి 2.1.1 ఫైళ్ళలో కన్నం పెట్టాడు. హడావిడిగా 2.1.2 తేవాల్సి వచ్చింది.) అప్‌లోడ్స్ లోంచి బొమ్మలూ ఆడియోలూ తప్ప ఇంకేదీ రాకూడదు, ఆ ఫోల్డర్లో పీహెచ్‌పీ నడవకుండా సర్వరుకి చెప్పాలి. కాన్ఫిగ్ ఫైల్లో ఉండే రహస్య తాళాలు మార్చితే అప్పటికే లాగిన్ అయి కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి బయటపడతారు. డేటాబేసు పాస్‌వర్డు కూడా మార్చాలి, అది ఆ కాన్ఫిగ్ ఫైల్లోనే అక్షరాలా రాసి ఉంటుంది, వాడు చదవకుండా ఉంటాడా? రాతల్లో కూడా చాటుగా స్క్రిప్టు ముక్కలు ఇరికిస్తారు గనక వాటికోసం డేటాబేసంతా వెతకాలి. మాస్టారి సైటులో అలాంటివి నలభైకి పైగా వ్యాసాల అడుగున దొరికాయి.

ఇంతా చేసి కొత్త సైటు తెరిచేసరికి మాస్టారి గుండె ఆగినంత పనైంది. ఒక్క తెలుగక్షరం లేదు. పేజీ నిండా నెత్తిన వాలు గీత పెట్టుకున్న రోమన్ 'ఎ'లూ, వాటి పక్కన డిగ్రీ గుర్తులూ, కూడిక-తీసివేత గుర్తులూ. "అంతా నాశనం చేశాడు దుర్మార్గుడు" అన్నారు. పాపం, ఈ ఒక్కటీ దొంగ పని కాదు. 2008 ముందు నాటి పద్ధతిలో కట్టిన తెలుగు సైట్లు చాలావాటికి ఈ జబ్బుంది. డేటాబేసు పట్టిక లాటిన్ అక్షరాలదని రాసుంటుంది, అందులో మనం యూనికోడ్ తెలుగు పోస్తూ వచ్చాం. పోసేదీ తీసేదీ ఒకే దారిలో ఉన్నన్నాళ్ళూ గొడవ లేదు. కొత్త ఇంటికి మారేటప్పుడు బయటపడుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగక్షరానికీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, అదే ఆ వాలుగీత 'ఎ'. రెండోది రెంటిలో ఒకటి, డిగ్రీ గుర్తు గానీ కూడిక-తీసివేత గుర్తు గానీ. అంచేత ఆ పిచ్చిగీతలు కనబడితే ఏడవక్కర్లేదు, బైట్లన్నీ క్షేమంగా ఉన్నాయని అర్థం. లాటిన్ అని చెప్పి బయటికి తీసి, యూటీఎఫ్-8 అని చెప్పి లోపల పోస్తే తెలుగు తిరిగొస్తుంది. ఏడవాల్సింది పేజీ నిండా ప్రశ్నార్థకాలు కనిపించినప్పుడు. ఎవరో తెలిసీ తెలియక మార్చేసి దాచేశారన్నమాట, ఆ అక్షరాలు ఇక లేవు. ఇలాంటి పనిని తెలుగు తెలియని "రికవరీ నిపుణుడి"కి అప్పగిస్తే వాడు సైటుని దొంగ చేతిలోంచి విడిపించి, తెలుగుని తన చేత్తో చంపి, బిల్లు పంపిస్తాడు. పాత ఫైలుని కదపకుండా ఒక నకలు పక్కన పెట్టుకున్నాకే ఏ ప్రయోగమైనా.

బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. హోస్టింగు కంపెనీ నెలరోజులవి దాచింది. దొంగ దూరి అయిదు నెలలైంది. నెల కిందటి బ్యాకప్పంటే దొంగతో సహా తీసిన గ్రూపు ఫొటో అన్నమాట. పోయిన పేజీలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవు వేబ్యాక్ మెషీన్లో దొరికాయి, వాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి. 2024 అక్టోబరులో ఆ ఆర్కైవు కూడా హాకైంది. మూడు కోట్ల పైచిలుకు ఖాతాల వివరాలు పోయాయి. కొన్నాళ్ళు మూసి, మళ్ళీ తెరిచారు. ఇంతలో అదే నెల 20న, ఎప్పుడో వాళ్ళకి ఉత్తరాలు రాసినవాళ్ళకి ఆ దొంగ దగ్గర్నుంచి జవాబులొచ్చాయి! ఉత్తరాలు చూసుకునే వ్యవస్థ తాలూకు తాళం ఒకటి మార్చకుండా వదిలేశారట. పాతికేళ్ళకి పైగా ప్రపంచం జ్ఞాపకాలని మోస్తున్న సంస్థ అది, వాళ్ళని వెక్కిరించే అర్హత నాకు లేదు. ముందు తలుపు తెరుచుకోగానే ఇల్లు వచ్చేసిందనుకునే తొందర ఎంత పెద్దవాళ్ళకైనా ఉంటుందని మాత్రం అనిపించింది.

పోలీసులకి చెప్పాలా అంటే, చెప్పాలి. 1930 నంబరూ, జాతీయ సైబర్ నేరాల పోర్టలూ ఉన్నాయి. సంస్థలైతే సైటు హాకయిన సంగతి తెలిసిన ఆరు గంటల్లోపు సర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్లో ఆదేశాలొచ్చాయి. దొంగ దొరుకుతాడని నేను ఆశ పెట్టను. కానీ తేదీ, సమయం వేసిన ఫిర్యాదు నకలు చేతిలో ఉంటే, "ఈ పేరు నాదే" అని ఎక్కడో ఉన్న కంపెనీకి నచ్చజెప్పేటప్పుడు పక్కన జతచేయడానికి పనికొస్తుంది. ఫేస్‌బుక్కులో "పోయిన ఖాతాలు గంటలో తెప్పిస్తాం" అనేవాళ్ళకి మాత్రం డబ్బూ పంపకండి, పాస్‌వర్డూ చెప్పకండి. కాలుతున్న ఇంటి దగ్గర వాసాలు లెక్కపెట్టేవాళ్ళు వీళ్ళే.

గూగులు తన జాబితాల్లోంచి ఆ జపనీసు పేజీల్ని పూర్తిగా తీసేయడానికి మూడు నెలలు పైనే పట్టింది. డొమైను ఇప్పుడు మాస్టారి పేరుతోనే ఉంది, ఆధార్లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. రెండో సంప్రదింపుగా వాళ్ళమ్మాయి ఈమెయిలు. లాగిన్ వివరాలు ఒక కవర్లో పెట్టి, పొలం పాస్‌బుక్కులో దాచారు. "ఇదెవరు తీస్తారోయ్, దీనిమీద అప్పు కూడా పుట్టదు" అని నవ్వారు.

పేజీలన్నీ వచ్చాయి గానీ, ఏడు ఆడియోలు రాలేదు. వాటిలో రెండింటి అసలు క్యాసెట్లు మాస్టారి ఇంట్లోనే దొరికాయి. మిగతా అయిదూ ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చేశారు, ఇచ్చినవాళ్ళూ లేరు, వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో తెలీదు. ఆ అయిదుగురి పేజీల్నీ మాస్టారు తీసేయనివ్వలేదు. ఫొటో, ఊరి పేరు, కట్టిన వేషాలు, కింద ఒక్క వాక్యం: "వీరి గొంతు మీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే తెలియజేయగలరు."